రంపపు పొట్టు వాసనను సీసాలోకి దించడం

డిజైన్ చదువు చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను ఎంచుకున్నది మా తాతయ్య వడ్రంగి కొట్టు. ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఫొటోలు రెండే ఉన్నాయి, రెండింటిలోనూ వెలుతురు చాలలేదు. మిగిలింది వాసన, అదీ నా తలలో. ఒక చెక్కపెట్టె, దానికి అయిదు అరలు, ఏ అర లాగితే కొట్టులోని ఆ మూల వాసన రావాలి. ఇదీ నా ఆలోచన. దొరికే తైలాలు కొని కలిపేస్తే వారంలో అయిపోయే పని. అయిదింటినీ నా చేత్తోనే తీస్తానని మొండికేయడంతో ఏడు నెలలు పట్టింది. అందులో నేర్చుకున్నది ఇలాంటి పని తలపెట్టినవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి నెలలో నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. బట్టీ పెడితే, అంటే నీటితో మరిగించి ఆ ఆవిరిని చల్లబరిచి పడితే, వస్తువు వాసన మొత్తం బయటికి రాదు. అందులో ఆవిరి మోయగలిగినంత మేరకే వస్తుంది. మిగతాది గిన్నె అడుగున ఉండిపోతుంది, లేదా వేడికి వేరే వాసనగా మారిపోతుంది. ఏ పద్ధతి వాడితే ఆ పద్ధతికి అందిన వాసనే మీ సీసాలో ఉంటుంది. అందుకే పద్ధతిని ఎంచుకోవడాన్ని నేను సాంకేతిక పనిగా చూడటం మానేశాను. రంగు ఎంచుకోవడం, చెక్క ఎంచుకోవడం ఎలాంటివో ఇదీ అలాంటిదే.

పొయ్యి కంటే ముందు కాగితం

"చెక్క వాసన" అని రాసుకుంటే ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. ఏ చెక్క? పచ్చిదా, ఎండినదా? కోస్తున్నప్పటి వాసనా, మర్నాడు పొద్దున తలుపు తీసినప్పటిదా? ఇలా విడదీసుకుంటూ పోతే నా జాబితా అయిదు దగ్గర ఆగింది. చిత్రిక పట్టిన దేవదారు పొరలు. టేకు పొట్టు. తొలివాన పడ్డప్పుడు వాకిట్లో మట్టి. కిటికీ కింద మల్లెపొద. తాతయ్య పంటినొప్పికి దవడన పెట్టుకునే లవంగం.

ప్రతిదాని పక్కనా మూడు ప్రశ్నలు రాశాను. ఇది ఆవిరితో లేస్తుందా? వేడికి తట్టుకుంటుందా? నీటిలో కరిగిపోతుందా? జవాబులు తెలియకపోయినా ప్రశ్నలు రాసిపెట్టుకోండి. ప్రతి విఫల ప్రయత్నమూ వాటిలో ఒకదానికి జవాబు తెస్తుంది.

ఆవిరి ఎలా మోస్తుందో తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి. లవంగం వాసనకు మూలమైన యూజినాల్ ఒంటరిగా మరగాలంటే సుమారు 254 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నారింజ తొక్కలోని లిమొనీన్‌కు 176 డిగ్రీలు. అంత వేడి పెడితే మొక్క మాడి మసి అవుతుంది. అయితే నీటిలో కలవని తైలం నీటితో పాటు వేడెక్కినప్పుడు రెండింటి ఆవిరి పీడనాలు కూడుకుంటాయి. ఆ మొత్తం బయటి గాలి పీడనానికి సమానం కాగానే మరుగు మొదలవుతుంది. అందువల్ల 100 డిగ్రీలకు కాస్త ముందే రెండూ కలిసి పైకి లేస్తాయి. చల్లబడ్డాక మళ్ళీ విడిపోతాయి. ఆవిరి స్వేదనం అంటే ఇంతే.

గిన్నెతో మొదలు

మొదటిసారే గాజు సామాను కొనకండి. అడుగు మందంగా ఉన్న పెద్ద స్టీలు గిన్నె తీసుకోండి. మధ్యలో ఒక చిన్న స్టీలు స్టాండు, దాని మీద వేడికి పగలని గాజు గిన్నె. చుట్టూ లీటరున్నర నీరు, అందులో 200 గ్రాముల నిమ్మగడ్డి ముక్కలు. పైన గిన్నె మూతను బోర్లించండి, పిడి లోపలికి వేలాడాలి. పిడి ప్లాస్టిక్‌దైతే ఆ మూత వద్దు. మూత గుంటలో మంచుముక్కలు పోసి సన్నని మంట పెట్టండి. ఆవిరి మూతకు తగిలి చల్లబడి, పిడి కొసన చుక్కగా మారి గాజు గిన్నెలో పడుతుంది. మంచు కరిగినప్పుడల్లా నీటిని తీసి కొత్తది వేస్తూ ముప్పావుగంట నడిపితే ఒక చిన్న గ్లాసుడు వాసన నీరు వస్తుంది. దీన్నే హైడ్రోసాల్ అంటారు. గులాబీల నుంచి తీసినదైతే మనకు పన్నీరు.

తైలం కంటికి కనిపించదు. ఫరవాలేదు, ఈ గిన్నె పని మీకు తైలం ఇవ్వడం కాదు, ఫలానా వస్తువు ఆవిరికి లొంగుతుందో లేదో చెప్పడం. నేను ఒక్క వారాంతంలో తొమ్మిది వస్తువులను ఇలా పరీక్షించాను. టేకు పొట్టు ఘోరంగా ఓడిపోయింది, తడిసిన అట్టపెట్టె వాసన తప్ప ఏమీ రాలేదు. దేవదారు, లవంగం మొదటి పావుగంటలోనే గెలిచాయి.

అసలు బట్టీ

గెలిచినవాటికి పెద్ద ఏర్పాటు చేశాను. అయిదు లీటర్ల పాత ప్రెషర్ కుక్కర్, వెయిట్ తీసేసిన చోట ఒక గొట్టం, ఆ గొట్టం చల్లటి నీళ్ళ బకెట్‌లో చుట్టలు చుట్టుకుని అడుగున రంధ్రం గుండా బయటికి వస్తుంది. కొస కింద సీసా. ఇక్కడే మొదటి దెబ్బ తిన్నాను. చేతికందిన రబ్బరు గొట్టం వాడాను. లవంగాలు వేసి తీసిన మొదటి నీరు సైకిల్ ట్యూబు వాసన వేసింది. వేడి ఆవిరి, తైలం రెండూ రబ్బరులోంచి, మామూలు ప్లాస్టిక్‌లోంచి వాసన లాగుతాయి, తమ వాసన అందులో వదులుతాయి. సిలికాన్ గొట్టం వేడికి తట్టుకుంటుంది గానీ అదీ వాసన పీల్చుకుంటుంది, ఒకసారి లవంగం వెళ్ళిన గొట్టం ఇక లవంగానికే. చుట్టకు రాగి గొట్టం, అతుకుల దగ్గర మాత్రం చిన్న సిలికాన్ ముక్కలు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. ఆవిరిని చల్లబరిచే జోడు గొట్టం, గాజు కండెన్సర్, దొరికితే అంతకంటే మేలు. దానికి చల్లనీరు కింది ముక్కు నుంచి ఎక్కించి పై ముక్కు నుంచి బయటికి వదలాలి, అప్పుడే లోపలంతా నిండుతుంది.

ఈ మాట మాత్రం రెండుసార్లు చదవండి. ఆవిరికి ఎప్పుడూ బయటికి దారి ఉండాలి. సీసాకు బిరడా పెట్టి గొట్టాన్ని అందులో బిగించకండి. కుక్కర్‌ను సగానికి మించి నింపకండి. ఆకులు, పొట్టు ఉబ్బి పైకి వచ్చి గొట్టం నోట్లో ఇరుక్కుంటే ఆ కుక్కర్ బాంబుతో సమానం. సరుకును స్టీలు జల్లెడలో పెట్టి నీటికి పైన ఉంచితే ఈ భయం చాలావరకు తీరుతుంది. వెయిట్ తీసినా సేఫ్టీ వాల్వు పనిచేస్తూనే ఉండాలి. వాసనల పనికి వాడిన కుక్కర్‌లో మళ్ళీ వంట చేయకండి.

మంట సంగతి వేలితో తెలుస్తుంది. కొసన పడే నీరు చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉందంటే మంట ఎక్కువైంది, లేదా బకెట్ నీరు వేడెక్కింది. సెకనుకు ఒకటి రెండు చుక్కలు చాలు. తొందరపడి మంట పెంచితే తైలంలో తేలిక భాగం చల్లబడకుండానే గాల్లోకి పోతుంది. గదంతా ఘుమఘుమలాడుతుంటే నేను మొదట్లో సంబరపడ్డాను. ఆ ఘుమఘుమ సీసాలో ఉండాల్సింది.

ఇక ఈ వ్యాసంలో ఒక్క చిట్కానే గుర్తుపెట్టుకుంటామంటే ఇది పెట్టుకోండి. వచ్చిన నీటినంతా ఒకే సీసాలో పట్టకండి. 30 మిల్లీలీటర్ల చిన్న సీసాలు డజను తెచ్చుకుని, ఒకటి నిండగానే మరొకటి మార్చి, నంబరు, సమయం రాయండి. దేవదారుకు నేనలా చేశాను. ఒకటి, రెండు సీసాల్లో వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఘాటు. నాలుగు నుంచి ఏడు వరకు తీపి, పెన్సిల్ చెక్కుతున్నప్పటి వాసనకు దగ్గర. తొమ్మిది దాటాక నీరసం, ఉడికిన కూరాకు నీరు. ఒకే సీసాలో పట్టి ఉంటే ఇవన్నీ కలిసి "ఏదో చెక్క" అయ్యేవి. వాసనకు మొదలు, నడుమ, చివర ఉంటాయన్నది నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు. పన్నెండు సీసాలు వరసగా పెట్టి మూతలు తీస్తే అర్థమైంది.

ఆ పన్నెండో సీసా కథ వేరు. రెండోసారి జల్లెడ పెట్టడానికి బద్ధకించి దేవదారు పొరలను నేరుగా నీటిలో వేశాను. ఫోను వచ్చింది, మాటల్లో పడ్డాను. నీరు ఇంకిపోయి పొరలు అడుగంటాయి. చివరి సీసాలో పడ్డది మాడు వాసన. "12, మాడింది" అని చీటీ అంటించి అల్మరా పైన పెట్టాను. పారబోయకపోవడానికి కారణం సీసా కడగాల్సి వస్తుందన్నదే.

కొత్తగా తీసిన ఏ వాసన నీటికైనా మొదట ఒక బట్టీ వాసన ఉంటుంది, ఉడుకు వాసన. దాన్ని చూసి నిరాశపడి పారబోయకండి. వారం పాటు చల్లని చీకట్లో ఉంచి అప్పుడు తీర్పు చెప్పండి.

లవంగం దగ్గర మరో వింత. తైలం నీటిపై తేలుతుందని అందరూ అనుకుంటాం. యూజినాల్ నీటికంటే బరువు. మొదట పాలలా తెల్లగా దిగిన నీరు ఒక రోజు కదపకుండా ఉంచితే అడుగున పసుపు చుక్కలు చేరతాయి, సన్నని గాజు డ్రాపర్‌తో తీసుకోవాలి. ప్రయోగశాల అందుబాటులో ఉంటే క్లెవెంజర్ పరికరం అడగండి. 1928లో జె. ఎఫ్. క్లెవెంజర్ వర్ణించిన ఈ గాజు గొట్టం, చల్లబడిన నీటిని తిరిగి ఫ్లాస్కులోకే పంపి తైలాన్ని మాత్రం గీతలున్న చోట పట్టి ఉంచుతుంది. బరువు తైలాలకు, తేలిక తైలాలకు వేరు వేరు నమూనాలుంటాయి, అది చెప్పి అడగాలి. మంచి లవంగాల బరువులో దాదాపు 15 శాతం తైలమే కాబట్టి కొత్తవారికి ఇంతకంటే దయగల సరుకు లేదు. గులాబీతో మొదలుపెట్టకండి. ఒక కిలో గులాబీ తైలానికి 3,000 నుంచి 5,000 కిలోల పూలు పడతాయి.

ఆవిరి చేతులెత్తేసిన చోట

టేకును వదల్లేకపోయాను. కొట్టులో సగం వాసన దానిదే. ఆవిరికి లొంగనిదాన్ని ఆల్కహాలులో నానబెట్టాను. 50 గ్రాముల పొట్టు, 250 మిల్లీలీటర్ల 95 శాతం ఇథనాల్, బిగుతు మూత గాజు సీసా, రోజుకోసారి కుదుపు, రెండు వారాలు. వడగట్టాక కాఫీ రంగు ద్రవం. కాగితం పట్టీపై చుక్క వేసి ఆల్కహాలు ఎగిరిపోయేదాకా అయిదు నిమిషాలు ఆగితే తోలు, పాత నూనె, కొంచెం ధూళి కలిసిన వాసన. అదే. ఆ రోజు పని ఆపేసి బయటికి వెళ్ళి నడిచొచ్చాను.

ఈ ద్రవాన్ని చిక్కబరుద్దామని పొయ్యి మీద పెట్టకండి. ఇథనాల్ 78 డిగ్రీలకు మరుగుతుంది, దాని ఆవిరి గది వేడిలోనే అంటుకోగలదు. పైగా ఆల్కహాలును అనుమతి లేకుండా బట్టీ పట్టడం చాలా దేశాల్లో నేరం. వెడల్పు పళ్ళెంలో పోసి గాలి ఆడే చోట, మంటకు దూరంగా వదిలేస్తే చాలు. టేకు పొడి ఊపిరితిత్తులకు, చర్మానికి మంచిది కాదు, మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి.

మల్లె కథ ఇంకా నిదానం. మరిగే నీటిలో వేసిన మల్లె నిమిషాల్లో ఉడికిన బచ్చలిలా తయారైంది. దీనికి కొవ్వు పద్ధతి ఉంది, ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో పరిమళాలవాళ్ళు పెద్ద ఎత్తున వాడినది. వాసన లేని గట్టి కొవ్వును గాజు పలకపై అర సెంటీమీటరు మందాన పరిచి, దాని మీద పూలు బోర్లా అద్దుతారు. మల్లె కోసిన తర్వాత కూడా గంటల తరబడి వాసన పుట్టిస్తూనే ఉంటుంది, కొవ్వు దాన్ని తాగుతూ ఉంటుంది. మర్నాడు వాడిన పూలు తీసి కొత్తవి. సాయంత్రం విచ్చబోయే మొగ్గలు తెచ్చుకోవాలి. పూల మీద తడి ఉండకూడదు. నా మొదటి పలక మూడో రోజుకే బూజు పట్టింది, కారణం నేను పూలను శుభ్రంగా కడిగి పెట్టడం. రెండో పలకకు పద్దెనిమిది విడతలు పూలు మార్చాను. తర్వాత కొవ్వును ఆల్కహాలుతో గిలకొడితే వాసన ఆల్కహాలులోకి వస్తుంది. నేను ఆ పని చేయలేదు, కొవ్వునే అరలో పెట్టాను. మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే కుళ్ళు వాసన వేసేది. పూలు ఒక పూట ఎక్కువ ఉంచితే అదే పైచేయి అవుతుంది.

మట్టి

అన్నిటికంటే కష్టపెట్టిందీ, అన్నిటికంటే ఇష్టపడిందీ ఇదే. తొలివాన వాసనకు పెట్రికోర్ అనే పేరు 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్టారు. అందులో మట్టి వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్, నేలలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేసేది. లీటరు నీటిలో పది నానోగ్రాముల జియోస్మిన్ ఉన్నా మన ముక్కు పసిగట్టగలదు. అంటే సరుకు కొంచెమైనా చాలు, దాన్ని పారిపోకుండా పట్టుకోవడమే సమస్య.

ఈ సమస్యను ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు పనివాళ్ళు శాస్త్రవేత్తలు పేరు పెట్టడానికి చాలా ముందే తీర్చారు. కాల్చిన మట్టి బిళ్ళలను డేగ్ అనే రాగి బానలో నీటితో మరిగిస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే రాగి పాత్రలోకి వెళుతుంది. ఆ పాత్రలో ముందే గంధపు తైలం పోసి ఉంటుంది. చల్లబడుతున్న ఆవిరిలోని వాసనను తైలం పట్టేసుకుంటుంది, అడుగున చేరిన నీటిని తీసేస్తారు. వాసనను తీయడం, నిలబెట్టడం ఒకే అడుగులో జరిగిపోతాయి.

నేను రెండు రకాలుగా ప్రయత్నించాను. ఒకటి, తెలిసినవారి ప్రయోగశాలలో రోటరీ ఎవాపరేటర్ మీద. ఇది ఫ్లాస్కును తిప్పుతూ తక్కువ పీడనంలో మరిగించే యంత్రం, గాలి పీడనాన్ని 70 మిల్లీబార్లకు దించితే నీరు 40 డిగ్రీల లోపే మరుగుతుంది. వాసన వేడికి చెడలేదు, నిజంగా తొలివానే. కానీ మొదటి 20 మిల్లీలీటర్లలోనే అంతా వచ్చేసింది, ఆ నీరు మూడు రోజుల్లో మూగబోయింది. రెండోసారి కన్నౌజ్ దారి పట్టి, గొట్టం కొసను వాసనలేని తేలిక నూనెలో ముంచి ఉంచాను. వేడికి వాసన కొంత మొరటుగా మారింది, కాల్చిన కుండ వాసన కలిసింది. అయినా నెల తర్వాత కూడా నిలిచింది. ప్రదర్శన పది రోజులు కాబట్టి మొరటుదాన్నే ఎంచుకున్నాను. మీరిలా కొస ముంచితే ఒక జాగ్రత్త, మంట ఆర్పే ముందే గొట్టాన్ని నూనెలోంచి బయటికి తీయండి. కుక్కర్ చల్లబడుతూ నూనెనంతా వెనక్కి పీల్చేస్తుంది. నాకది ఒకసారి జరిగింది.

వేడి పెట్టడానికి అసలు వీల్లేని వాసనలకు హెడ్‌స్పేస్ పద్ధతి ఉంది. వస్తువు చుట్టూ ఉన్న గాలిని పీల్చి, వాసన అణువులను ఒక పీల్చుడు పదార్థంపై పట్టి, యంత్రంతో విశ్లేషిస్తారు. స్విస్ రసాయన శాస్త్రవేత్త రోమన్ కైజర్ దీన్ని పూల మీద పెంచి పెద్దచేశారు, కళాకారిణి సిస్సెల్ టొలాస్ నగరాల, మనుషుల వాసనల మీద వాడారు. దీని నుంచి మీ చేతికి వచ్చేది రసాయనాల జాబితా. దాన్ని మళ్ళీ వాసనగా కూర్చేవారు పక్కన లేకపోతే ఈ దారి పట్టకండి.

పెట్టెలోకి

సీసాలో బాగున్న వాసన వస్తువులో బాగుండాలని లేదు. నారింజ తొక్క తైలంతో ఒక నమూనా చేసి థర్మోకోల్ గూట్లో పెట్టి వెళ్ళాను. మర్నాటికి గూడు కరిగి బంక అయింది. లిమొనీన్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. రకరకాల ప్లాస్టిక్కులు, వార్నిష్‌లు, జిగుర్లు తైలం తగిలితే మెత్తబడతాయి, కాబట్టి అసలు నమూనాకు ముందు ప్రతి పదార్థం ముక్క మీద చుక్క వేసి రెండు రోజులు చూడండి. చివరికి నేను మెరుపు పూత లేని మట్టి బిళ్ళలను గాజు మూకుళ్ళలో పెట్టాను. అవి తైలాన్ని మెల్లగా వదులుతాయి. అరల చెక్కకు కూడా సొంత వాసన ఉంటుందని మరచిపోకండి.

హైడ్రోసాల్ గాలిలో బలహీనం, పైగా గది వేడిలో పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ కొత్తగా చుక్కలు వేయాలి. తైలాలను నేరుగా చర్మానికి తగలనివ్వకండి, పిల్లులున్న ఇంట్లో అసలే వద్దు, వాటి కాలేయం ఈ పదార్థాలను సరిగా వదిలించుకోలేదు. పరీక్షించేటప్పుడు వరసగా నాలుగైదు వాసనలకు మించి చూడకండి, ముక్కు అలసిపోయి అబద్ధం చెబుతుంది. మధ్యలో మీ మోచేతి మడతను వాసన చూడండి. మీకు అలవాటైన వాసన అదే.

ప్రదర్శనకు వారం ముందు, తాతయ్యతో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒక పెద్దాయనను పిలిపించుకుని పెట్టె ముందు కూర్చోబెట్టాను. లవంగానికి నవ్వారు. టేకుకు తల ఊపారు. దేవదారు అర లాగి, నా ఏడు నంబరు సీసా వాసన చూసి, "బాగుంది, కానీ ఇది కొట్టు కాదమ్మా, సబ్బు" అన్నారు. అల్మరా పైనున్న సీసాలన్నీ దించి ముందు పెట్టాను. పన్నెండో సీసా దగ్గర ఆగిపోయారు. మళ్ళీ పీల్చారు.

"మొద్దుబారిన రంపం. మీ తాతకు పదును పెట్టే ఓపిక ఉండేది కాదు. అలాగే తోసి తోసి కోసేవాడు, చెక్క కమిలిపోయేది."

చీటీ మీద "మాడింది" అన్న మాట కొట్టేసి, ఆ సీసాలోది రెండు చుక్కలు, ఏడో సీసాలోది అయిదు చుక్కలు మట్టి బిళ్ళ మీద వేశాను.